కింది గాలి

హంద్రి ఒడ్డున పాత డంపుయార్డు మీద
అంగన్‌వాడీ కడతామంటే ముందు నవ్వింది నేనే.
ముప్పై ఏండ్లు కర్నూలు తిని పారేసిందంతా
ఆడనే ఉంది.
రెండడుగుల ఎర్రమట్టి కప్పినారు,
కంపచెట్లు పీకినారు, బోర్డు పాతినారు.
మట్టి కప్పితే మరిచిపోయినట్టే కదా మనకు.

పునాది తీసిన వారం
వాచ్‌మన్ ఉసేనయ్య రాత్రి బీడీ ముట్టించుకుంటే
గుంతలో నీలంగా ఒక మంట లేచి
అగ్గిపుల్ల ఆరినా అది ఆరలేదంట.
తెల్లారి వచ్చినాడు, మీసం ఒకపక్క కాలి ఉండె.
"గాలి మేస్త్రీ. ఈ జాగాకు గాలి ఉంది."
నాలుగు మూలలా నిమ్మకాయలు కట్టినాడు.
నల్లకోడి మాట కూడా వచ్చింది.

ఇంజినీరమ్మ రుఖియా గుంతలోకి చిన్న పెట్టె దించి
అంకెలు చూసింది, నిమ్మకాయలు చూసింది.
"పెద్దాయన తప్పేం చెప్పలేదు. గాలే.
కుళ్ళిన ప్రతిదీ ఊపిరి వదుల్తాది.
దారి దొరక్కపోతే గచ్చు సందుల్లోంచి గదిలోకి వస్తాది.
వాసన రాదు, చప్పుడు చెయ్యదు.
పిల్లోళ్ళు పడుకునేదేమో నేలమీదనే."

ఎక్కువ యాడుందో
పెట్టె కంటే ముందు ఉరుకుందమ్మ చెప్పింది,
ఈ దిబ్బ మీదనే గోనెసంచి మోసి ముసలిదైన మనిషి.
కాలి బొటనవేలితో గీతలు గీసుకుంటా పోయింది:
ఇది కబేళా కుప్ప.
ఇవి పెండ్లిమంటపాల ఎంగిలాకులు.
ఇక్కడ ఆసుపత్రి దూది,
సూది దిగి నెల్లాళ్ళు మంచాన పడింటి.
అదిగో ఆ వారన, వరదొచ్చిన ఏడు
ఊరు ఊరంతా ఎత్తి పోసిన పరుపులు, బియ్యం, బడి పుస్తకాలు.
రుఖియా రాసుకుంటానే ఉంది.
సెంటు పట్టా లేని మనిషి నోట్లోంచి
ఆ జాగా పటం దిగింది.

జానెడు కంకర, కంకరలో తూట్ల పైపులు,
దానిమీద మందపాటి షీటు.
నలభై ఏండ్లు నేను పైనుంచి వచ్చేవాటినే ఆపినాను,
వానను, ఎండను, కోతులను.
కింద నుంచి వచ్చేదానికి కప్పు వేసేది ఇదే మొదలు.
ఇల్లు బోర్లించి కడతా ఉన్నట్టుండె.
అతుకులు వేడిగాలితో కరిగించేది ఉరుకుందమ్మ.
ఏ ప్లాస్టిక్ ఎన్నేండ్లు చావదో
ఆమెను మించి ఎవరికి తెలుసు?

కాంక్రీటు పోసే పొద్దు
నా చేతిలో కడ్డీ జారింది.
షీటుకు తూటు. ఉలవగింజంత.
ఎవరూ చూడలేదు.
గేటు దగ్గర లారీ డ్రమ్ము తిరుగుతా ఉంది.
కంట్రాక్టరు తిక్కారెడ్డి గడియారం చూసుకుంటా ఉన్నాడు.
జానెడు కాంక్రీటు పడితే
దాన్ని ఇంక చూసేది ఇద్దరే.
నేను,
ఆ గాలి.

చెయ్యెత్తినాను.
ఎత్తిన చెయ్యి నాది కాదేమో అనిపించింది కాసేపు.
గంటసేపు లారీ ఆగింది.
తిక్కారెడ్డి తిట్టిన తిట్లలో మా నాయన పేరు కూడా ఉంది.
ఉరుకుందమ్మ మోకాళ్ళ మీద కూర్చుని
మాసిక వేసింది, అంచులు నొక్కింది,
నా మొగం చూడకుండా
"కడ్డీకి కండ్లుంటాయా, పో" అనింది.

ఇప్పుడా గచ్చు మీద బేతంచెర్ల బండలు.
గోడ వారన ఒక గొట్టం మిద్దె దాటి పైకి పోయింది, నెత్తిన టోపీ.
పిల్లోళ్ళు దాన్ని గుడ్లు ఉడికే పొయ్యి గొట్టం అనుకుంటారు.
ఉసేనయ్య దానికీ నిమ్మకాయ కట్టినాడు.
రుఖియా విప్పించలేదు.

ఎప్పుడన్నా అటు పోతే
చెప్పులిడిచి లోపలికి పోతాను.
మధ్యాహ్నం, అందరూ నిద్ర.
చాపల మధ్య సందులో అరచెయ్యి పెడితే బండ చల్లగా ఉంటాది,
అంతే, ఇంకేమీ తెలీదు.

ఆ తూటు గురించి ఎవరూ అడగలేదు.
ఇంట్లో ఉలవలు ఏరేటప్పుడు మాత్రం
నా చెయ్యి చేటలో ఆగిపోతాది.